తడిబట్టల ప్రమాణం

"ఒప్పుకున్నారు సుమతీ! పెద్దలు ఒప్పుకున్నారు," అంది విజయకుమారి ఫోన్లో.

సుమతి పప్పు పొంగకుండా పొయ్యి మంట తగ్గించింది. "దేనికక్కా?"

"ప్రమాణానికి. ఆదివారం వాళ్ళ పాలెంలో గంగానమ్మ గుడి ముందు రోజా తడిబట్టలతో నిలబడి, జరిగింది నిజమని ప్రమాణం చేస్తే ఊరంతా నమ్ముతుందట. కులపెద్ద రత్తయ్య గారే స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. అంతటి మనిషి దిగొచ్చాడు చూడు! నేను సరేనన్నాను."

"ప్రమాణం రోజా చేయాలా?"

"మరి? చెప్పాగా."

"అతను?"

"అతనూ చేస్తాడటలే. ముందు మన పిల్ల చేస్తే వాడికి చెమటలు పడతాయి. మన పిల్ల నిజమే చెప్తోంది. మనకి భయం దేనికి?"

"ప్రమాణం అయ్యాక కేసు సంగతేమన్నారు?"



"అది అడగలేదు," అంది విజయకుమారి, ఈసారి నెమ్మదిగా.

గుడివాడలో విజయకుమారి ఇంట్లో శనివారం సాయంత్రాలు కలిసే ఆడవాళ్ళ గుంపుకి పేరూ లేదు, బోర్డూ లేదు. కాలేజీ రోడ్డులో ఆడపిల్లల వెంటపడే కుర్రాళ్ళ మీద ఫిర్యాదు ఇవ్వడానికి ఒకసారి కలిశారు, ఆ తర్వాత కలవడం మానలేదు. విజయకుమారి లెక్చరర్‌గా రిటైరైన మనిషి. గొంతూ, కారూ, చొరవా ఉన్నాయి. సుమతి ఎమ్మే చదివి ఇల్లు చూసుకుంటోంది. మాట్లాడేది తక్కువ. "బియ్యంలో రాళ్ళేరినట్టు మాటలేరుతుందమ్మా ఈవిడ," అని విజయకుమారి అందరి ముందూ ఎగతాళి చేసేది. కానీ ఏ అర్జీ రాసినా ఆఖరికి సుమతి చేతికే ఇచ్చేది.

రోజా ఆ వీధి చివర బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తుంది. వాళ్ళది దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న పాలెం. వేసవిలో ఒక సాయంత్రం సెలవు పెట్టి ఇంటికి వెళ్తూ అవనిగడ్డలో బస్సు దిగేసరికి ఊరికి ఆటోలు లేవు. పడవల యజమాని ఆదినారాయణ కొడుకు దుర్గాశ్రీనివాస్ బండాపి, "రా, ఇంటి దగ్గర దింపుతా," అన్నాడు. ఊరి వరసన చిన్నప్పటి నుంచీ ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది. ఎక్కింది. అతను ఇంటి దగ్గర దింపలేదు. రొయ్యల చెరువుల మధ్య మోటారు షెడ్డు దగ్గర ఆపాడు.

తెల్లవారాక తండ్రి అంజి ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. అంజి ఆదినారాయణ పడవ మీదే పని చేస్తాడు. అయినా తీసుకెళ్ళాడు. కేసు రాశారు. రోజా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చింది. అప్పటినుంచీ విజయకుమారి వాళ్ళు ఆమెకి తోడుగా ఉన్నారు. దుర్గాశ్రీనివాస్ కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిల్ మీద బయటికొచ్చాడు. వచ్చే నెల బందరు కోర్టులో రోజా సాక్ష్యం చెప్పాలి. ఈలోగా పాలెంలో మాటలు మొదలయ్యాయి. చీకటి పడే వేళ మగాడి బండి ఎందుకెక్కింది? బావా అని పిలిచిన నోటితో కేసెలా పెట్టింది? గుడివాడ వెళ్ళి చెడిపోయింది. ఈ మాటలు చేపల గంపలతో పాటు ఇంటింటికీ తిరిగి, చివరికి ప్రమాణం దగ్గర ఆగాయి.

ఆదివారం పొద్దున్నే విజయకుమారి కారులో రోజాతో కలిసి ముగ్గురూ బయల్దేరారు. పామర్రు దాటేదాకా విజయకుమారే మాట్లాడింది. నిన్న రత్తయ్యకి మళ్ళీ ఫోన్ చేసిందట.

"కేసు గురించి అడిగానమ్మా. 'అమ్మవారి ముందు తేలిపోయాక మళ్ళీ కోర్టులెందుకండీ, ఊరి పరువు ఊళ్ళోనే ఉండాలి కదండీ' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, నాకు కోపం రావడానికి కూడా కాస్త టైం పట్టింది."

వెనక సీట్లో రోజా కిటికీ వైపే చూస్తోంది. మోపిదేవి గుడి దగ్గర కారు ఆగిపోయింది. చెవులు కుట్టించడానికి పిల్లల్ని ఎత్తుకొచ్చిన కుటుంబాలు రోడ్డంతా నిండి ఉన్నాయి.

"మేడం, వాడు కూడా ప్రమాణం చేస్తే ఏమవుతుందండీ?" అంది రోజా ఉన్నట్టుండి.

"వాడికంత ధైర్యం ఎక్కడిదమ్మా, అమ్మవారి ముందు అబద్ధం చెప్పడానికి?"

"ఉంటుందండీ. ఆ రోజూ ఉంది."

విజయకుమారి హారన్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మా ఊళ్ళో ప్రమాణం చేశాక ఏం చూస్తారో తెలుసాండీ?" అంది రోజా. "ఎవరింట్లో కీడు జరుగుతుందా అని చూస్తారు. మా అమ్మకి షుగరు. కాలి పుండు మానట్లేదు. అది కాస్త ముదిరితే నేను అబద్ధం చెప్పినట్టు. మా నాన్న వేటకెళ్ళినప్పుడు గాలి లేచి వల తెగితే నేను అబద్ధం చెప్పినట్టు. వాళ్ళకి కొత్త ఇంజన్లు, మంచి పడవలు. వాళ్ళింట్లో ఏ కీడు జరుగుతుంది?"

సుమతి వెనక్కి తిరిగింది. రోజా ముఖంలో ఏడుపు లేదు. చిల్లర సరిపోలేదని కస్టమరుకి చెప్పేటప్పుడు ఎలా చెప్తుందో అలా చెప్పింది.

"ఇంకోటి కూడా ఉంది," అంది సుమతి. "గుడి ముందు ఎవరెవరు ఉంటారు?"

"ఊరంతా ఉంటారండీ. ఫోన్లు పట్టుకుని."

"ఊరి మగవాళ్ళందరి ముందూ తడిచీరతో నువ్వు నిలబడాలి. అదీ నీకు జరిగిన దానికి న్యాయం చేయడానికి."

విజయకుమారి కారు పక్కకి తీసి ఆపింది. కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నాకిది తట్టనే లేదు. నిజం మన వైపుంది కదా, గెలిచేశామనే అనుకున్నాను. ఇప్పుడేం చేద్దాం? నేను మాట ఇచ్చేశానే."

"మీరిచ్చారు అక్కా. రోజా ఇవ్వలేదు," అంది సుమతి. "రోజా, వెనక్కి వెళ్ళిపోదామా?"

రోజా తల అడ్డంగా ఊపింది. "వెళ్ళకపోతే పారిపోయింది అంటారు. వెళ్ళి, చెయ్యనని చెప్తాను."

ఇంటి ముందు రోజా తల్లి చిట్టెమ్మ కొత్త నేత చీర, పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని ఎదురుచూస్తోంది. కాలికి కట్టు ఉంది. కూతురు చెయ్యనంది. పళ్ళెం అరుగు మీద గట్టిగా పెట్టింది చిట్టెమ్మ.

"ఎందుకు చెయ్యవే? అమ్మవారికి నువ్వంటే తెలీదా? నీళ్ళు పోసుకుని ఒక్క మాట చెప్పి వచ్చెయ్. అంతే కదా. నేను గంప ఎత్తుకుని ఏ వీధిలోకెళ్ళినా ఆగిపోతున్నాయే మాటలు. నేను దాటాక మళ్ళీ మొదలవుతున్నాయి. నాకు వినపడదనుకుంటున్నారు."

"అమ్మవారికి తెలుసు కదమ్మా. మరి నేను మళ్ళీ ఎవరికి చెప్పాలి?"

"ఊరికి చెప్పాలి!"

"ఊరికి రుజువు కావాలంటే వాణ్ణి అడగాలి. నన్ను అడుగుతున్నారేంటి?" రోజా తండ్రి వైపు తిరిగింది. అంజి గుమ్మం పక్కన కూర్చుని తెగిన వలకి ముడులేస్తున్నాడు. "నాన్నా, నువ్వు నమ్ముతున్నావా నన్ను?"

"నమ్మకపోతే నిన్ను సైకిలెక్కించుకుని తీసుకెళ్ళిందెవరు?"

"మరి ప్రమాణానికి ఎందుకు తలూపావు?"

అంజి ముడి బిగించాడు. "రత్తయ్య అడిగితే తలూపకుండా ఉన్నోడు లేడమ్మా మన పాలెంలో," అన్నాడు. ఆ తర్వాత వల పక్కన పెట్టి లేచాడు. "పదండి. ఏమంటారో చూద్దాం."

చిట్టెమ్మ కదల్లేదు. సుమతి ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది.

"మీరు చదువుకున్నోళ్ళు. మీకు దేవుడంటే లెక్క ఉండదు," అంది చిట్టెమ్మ.

"నాకు లెక్క ఉందమ్మా. అందుకే అడుగుతున్నా. ఎప్పుడైనా మీ ఇంట్లో చేపలు పోతే, పోయిన మాట నిజమేనని మీ చేత ప్రమాణం చేయించారా ఎవరైనా?"

చిట్టెమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. లేచి, కుంటుకుంటూ గుడి వైపు నడిచింది.

గుడి ముందు అప్పటికే జనం గుమిగూడారు. చేతిపంపు పక్కన ఇత్తడి బిందెలు వరసగా పెట్టారు. అందరికంటే ముందు కనపడింది దుర్గాశ్రీనివాస్. తెల్ల పంచెతో, తలంతా తడిసి, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఎవరూ అడగకముందే నీళ్ళు పోసేసుకున్నాడు.

"చూశావా, మొగాడంటే అదీ. ఎంత నిబ్బరంగా ఉన్నాడో," అంటోంది ఒకావిడ పక్కావిడతో.

విజయకుమారి సుమతి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రత్తయ్య ముందుకొచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. "రామ్మా రోజా. లెక్చరర్ గారు కూడా వచ్చారు, సంతోషం. అదిగో, నీళ్ళు రెడీగా ఉన్నాయి. తడిబట్టలతో అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి, జరిగింది నిజమని చెప్పు. అబ్బాయి జరగలేదని చెప్తాడు. ఆపైన అమ్మవారే చూసుకుంటుంది."

"నేను చెయ్యను మావయ్యా," అంది రోజా.

ఒక్కసారిగా గోల రేగింది. నిజమైతే భయం దేనికంట? తేలిపోయింది కదా! అబ్బాయిని జైల్లో పెట్టించింది పాపం! రత్తయ్య చెయ్యెత్తాడు. గోల కాస్త తగ్గింది.

"ఎందుకు చెయ్యవమ్మా?"

"చెప్పాల్సింది స్టేషన్లో చెప్పాను. జడ్జి గారి ముందు చెప్పాను. వచ్చే నెల బందరులో మళ్ళీ చెప్తాను. అక్కడ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను. ఇక్కడ తడిసి చెప్పను. వాడు చేసిన పనికి నేనెందుకు తడవాలి?"

"వాడు వాడంటావేంటి? బావా అని పిలిచేదానివిగా!" వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు వినపడ్డాయి.

రోజా అటు తిరిగింది. "పిలిచాను. ఈయన్ని మావయ్యా అని పిలిచాను ఇప్పుడే. మీరందరూ నాకు బావలో బాబాయిలో. ఊళ్ళో అలా పిలవమని మీరే నేర్పారు. ఆ పిలుపుకి అర్థం అదైతే, ఈ ఊళ్ళో ఆడపిల్లలు ఎవర్ని ఏమని పిలవాలో రేపట్నుంచి మీరే చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక పెద్దాయన తల దించుకున్నాడు.

ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి రోజా ముఖం వీడియో తీస్తున్నాడు. సుమతి వెళ్ళి అతని ముందు నిలబడింది. "బాబూ, ఆ అమ్మాయి ముఖం నలుగురికీ చూపిస్తే అదింకో కేసు. నీ పేరేంటి?" అతను పేరు చెప్పలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు రత్తయ్య. మెత్తదనం కాస్త తగ్గింది. "అమ్మాయి చెయ్యనంది. అబ్బాయి చేస్తాడు. ఊరే చూసుకుంటుంది."

అప్పుడు చిట్టెమ్మ బిందె ఎత్తింది. తన నెత్తిన తనే కుమ్మరించుకుంది. కాలి కట్టు, చీర, జుట్టు మొత్తం తడిసిపోయాయి.

"నేను చేస్తాను ప్రమాణం."

"నువ్వేం చూశావని చేస్తావు చిట్టెమ్మా?" అన్నాడు రత్తయ్య.

"చూళ్ళేదు. చూశానని చెప్పను." ఆమె గుడి వైపు తిరిగింది. "తల్లీ, నా కూతురు చెప్పింది, నేను విన్నాను. నమ్మాను. ఇంకెప్పుడూ దాన్ని రుజువు చెప్పమని అడగను. కేసు తేలేదాకా బందరు వెళ్తాను, కాలు ఎలా ఉన్నా సరే. ఆదినారాయణ గారి చేపలు నా గంపలో వెయ్యను. నా కాలి పుండుకీ నా కూతురి మాటకీ సంబంధం లేదు. అది నా షుగరు. ఇదీ నా ప్రమాణం." కర్పూరం మీద చెయ్యి పెట్టి ఆర్పింది.

ఆదినారాయణ అప్పటిదాకా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు లేచాడు. "అంజీ! నీ పెళ్ళాం నోరు వింటున్నావా? రేపట్నుంచి నువ్వు నా పడవెక్కక్కర్లేదు."

అంజి ఖాళీ అయిన బిందె తీసుకెళ్ళి పంపు కింద పెట్టాడు. "వినపడిందయ్యా," అన్నాడు. పంపు కొట్టడం ఆపలేదు.

నిండిన బిందె ముందుకి భాగ్యమ్మ వచ్చింది. చిట్టెమ్మతో కలిసి చేపలమ్మే మనిషి. ఇందాక ఒకావిడ 'మొగాడంటే అదీ' అన్నది ఈమెతోనే. ఆమె సుమతిని అడిగింది, "నేనేమనాలండీ? నాకు ప్రతి వాయిదాకీ రావడం కుదరదు. మనవడ్ని చూసుకోవాలి."

"కుదిరిందే అనండి. ఒక్కసారి వస్తానంటే ఒక్కసారే అనండి," అంది సుమతి. "చెయ్యలేనిది మాత్రం అనొద్దు."

భాగ్యమ్మ నీళ్ళు పోసుకుంది. "ఒక్కసారి వస్తాను తల్లీ. ఇంకోటి, ఈ పిల్ల గురించి నా ఎదురుగా ఎవరేమన్నా ఊరుకోను. అది రోజూ చెయ్యగలను."

జనంలోంచి మరో ఇద్దరు వచ్చారు. ఒకామెను మొగుడు చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఆమె వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసింది. ఎక్కువమంది ఎక్కడివాళ్ళక్కడే నిలబడ్డారు.

విజయకుమారి పట్టుచీర కట్టుకుని వచ్చింది, గెలుపు చూద్దామని. ఇప్పుడు హ్యాండ్‌బ్యాగ్ సుమతి చేతికిచ్చింది. "నాకు తెలీని దానికి ఈ పిల్ల తరఫున మాట ఇచ్చాను. ఇక మీదట ఈ పిల్లని అడక్కుండా ఈ పిల్ల గురించి ఎవరికీ మాట ఇవ్వను," అంది. నెత్తిన పోసుకున్న నీళ్ళు చల్లగా ఉన్నాయేమో, "అబ్బా!" అని కూడా అంది. నలుగురు నవ్వారు. ఈ నవ్వు వేరు.

సుమతి ఆఖర్న పోసుకుంది. ఆమె అన్నది చాలా చిన్న మాట: "బందరులో నువ్వు బయటికొచ్చేదాకా తలుపు దగ్గర ఉంటాను."

దుర్గాశ్రీనివాస్ ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. పంచె ఆరడం మొదలైంది. రత్తయ్య అతని వైపు, తడిసిన ఆడవాళ్ళ వైపు చూశాడు. ఎవర్ని ముందు పిలవాలో తేల్చుకోలేకపోయాడు.

"చేసుకోనివ్వండి మావయ్యా," అంది రోజా. "వాడి మాట వాడిది. కావాలంటే నేనూ వింటాను."

అతను చేశాడు. తనకు ఏ పాపమూ తెలీదన్నాడు. రోజా తల వంచకుండా చివరిదాకా విని, తల్లి భుజం మీద తువ్వాలు కప్పి ఇంటికి నడిపించుకుపోయింది.

నెల తిరిగేసరికి అంజి బందరు వెళ్ళి గిలకలదిండి రేవులో వేరే వాళ్ళ పడవ మీద చేరాడు. కోర్టు రోజున అతను వేటలో ఉన్నాడు. చిట్టెమ్మ వచ్చింది, కాలికి కొత్త కట్టుతో. భాగ్యమ్మ మనవణ్ణి చంకనేసుకుని మరీ వచ్చింది. గుడివాడ నుంచి విజయకుమారి కారులో ఐదుగురు ఇరుక్కుని వచ్చారు.

తలుపులు మూసి విచారిస్తారని ప్రభుత్వ లాయరు ముందే చెప్పింది. లోపలికి ఎవరూ వెళ్ళడానికి లేదు. వరండాలో బెంచీ ఒక్కటే ఉంది. దాని మీద చిట్టెమ్మను కూర్చోబెట్టారు. దుర్గాశ్రీనివాస్ తరఫువాళ్ళు మెట్ల దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. సుమతి మాత్రం తలుపు పక్కనే నిలబడింది. మధ్యలో కానిస్టేబుల్ జరగమంటే రెండడుగులు జరిగి, అతను వెళ్ళాక మళ్ళీ అక్కడికే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి రోజా బయటికొచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సీసా అందుకుని సగం నీళ్ళు గటగటా తాగింది.

"ఏమడిగారే?" అంది చిట్టెమ్మ, వెంటనే నోరు మూసుకుంది. "వద్దులే. చెప్పొద్దు."

"చెప్తానమ్మా. అవతలి లాయరు ప్రమాణం సంగతి ఎత్తాడు. అమ్మవారి ముందు చెయ్యలేదట కదా అన్నాడు. చెయ్యలేదన్నాను. ఎందుకని అడిగాడు."

"ఏమన్నావు?" అంది విజయకుమారి.

"ఇక్కడ సాక్షులందరి చేతా ప్రమాణం చేయిస్తారు, నా ఒక్కదాని చేతే కాదు. ఇక్కడ అడిగేది వాడేం చేశాడని. అందుకే ఇక్కడ చెప్తున్నానన్నాను. జడ్జి గారు రాయించుకున్నారు." రోజా గోడకి ఆనుకుంది. "ఇంకా అవలేదండీ. ఆ లాయరు ఇంకా 'బండి ఎందుకెక్కావు' అన్న దగ్గరే ఉన్నాడు. తిన్నాక మళ్ళీ పిలుస్తారట."

సుమతి పెరుగన్నం డబ్బా మూత తీసి ఇచ్చింది. రోజా నిలబడే తిన్నది. నాలుగు ముద్దలు తిన్నాక ఆగి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది, పనికి బయల్దేరే ముందు తిన్నట్టు. భాగ్యమ్మ మనవడు ఆమె చున్నీ పట్టుకుని లాగుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. బంట్రోతు రోజా వైపు చూసి తలూపాడు. ఆమె చెయ్యి కడుక్కుని, చున్నీకి తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళింది.